మార్చి అప్లికేషన్‌కి దసరాకే దుక్కి దున్నాలి

మొన్న దసరాకి ఊరికి పోయాను. జమ్మి చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకున్నాక మా పక్కింటి తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఏదో అడగాలని పొద్దున్నుంచీ తిరుగుతున్నాడని.

"అన్నా, జీసాక్ అంటే తెల్సా నీకు?"

"తెల్సు. ఏమైంది?"

"దాంట్ల సెలెక్ట్ చేపిస్తమని ఒక కోచింగోళ్లు చెప్తున్నరన్నా. ప్రపోజల్ వాళ్లే రాసిస్తరంట. ముప్పై వేలు కట్టాలె. సెలెక్టయితే రెండున్నర లక్షలు వస్తయంట. నాయిన పల్లి విత్తనాలకి పెట్టుకున్న పైసలు ఇస్తనన్నడు. కట్టాల్నా, వద్దా?"

మాది పెద్దమందడి. వనపర్తి జిల్లా. దసరా దాటితే మా దగ్గర యాసంగి పల్లి వేసే రోజులు. విత్తనాల డబ్బులు అంటే అవి బీరువాలో ఖాళీగా ఉన్న డబ్బులు కావు. ఆ వారంలో విత్తనం కొనకపోతే ఆ కారు పోయినట్టే. వాళ్ల నాయిన, నేను కాకా అని పిలుస్తాను, అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ మా మాటలు విననట్టే వింటున్నాడు.

"రేపు పొద్దుటిదాకా ఫోన్‌పే ముట్టుకోకు" అని చెప్పాను. ఆ రాత్రి డాబా మీద కూర్చుని మాట్లాడుకున్న మాటలే ఈ వారం కాలమ్. ఎందుకంటే గత నెల రోజుల్లో నాకు ఇదే ప్రశ్న ఇంకో నలుగురి దగ్గర్నుంచి వచ్చింది.

ఇంతకీ ఏంటిది?

జీసాక్ అంటే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005లో మొదలైంది. ఓపెన్ సోర్స్ అంటే మీకు తెలిసిందే: కోడ్ అందరికీ కనిపించేలా పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు అనే పద్ధతి. వికీమీడియా, లిబ్రే ఆఫీస్, కేడీఈ, బ్లెండర్ లాంటివి ఇలా నడిచేవే. అలాంటి సంస్థల్లో వేసవిలో ఒక మెంటార్ కింద కొత్తవాళ్లు పనిచేస్తారు. డబ్బు గూగుల్ ఇస్తుంది. కానీ మనల్ని ఎంచుకునేది గూగుల్ కాదు, ఆ సంస్థ. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2021 దాకా ఇది స్టూడెంట్స్‌కి మాత్రమే. 2022 నుంచి 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కి కొత్తయిన వాళ్లెవరైనా అప్లై చేయొచ్చు. ప్రాజెక్టులు మూడు సైజులు: 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. ఈమధ్య సంవత్సరాల్లో మన దేశంలో ఉండేవాళ్లకి 175 గంటల ప్రాజెక్టుకి 1,500 డాలర్లు, 350 గంటల దానికి 3,000 డాలర్లు. అదీ ఒకేసారి కాదు, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి మెంటార్ మన పని చూసి పాస్ చేశాకే.

అంటే కోచింగ్ వాళ్లు చెప్పిన రెండున్నర లక్షలు అబద్ధం కాదు. అబద్ధం అంతా 'గ్యారంటీ' అన్న మాటలో ఉంది. 2025లో 15 వేల మందికి పైగా అప్లై చేస్తే ఎంపికైంది 1,280 మంది. ఎక్కడో జర్మనీలోనో బ్రెజిల్‌లోనో కూర్చున్న మెంటార్లు ఎవర్ని తీసుకుంటారో మన ఊరి కోచింగ్ సెంటర్ ఎలా గ్యారంటీ ఇస్తుంది? ఇక అప్లికేషన్ ఫీజు అంటారా, ఒక్క రూపాయి లేదు.

నా సంగతి చెప్తాను

నేనేదో గెలిచి వచ్చి చెప్తున్నాననుకోకండి. నేను రెండుసార్లు అప్లై చేశాను, రెండుసార్లూ రాలేదు.

మొదటిసారి 2018. బీటెక్ మూడో సంవత్సరం. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా హాస్టల్లో సీనియర్ చెప్తే తెలిసింది. రెండు సంస్థలకి ప్రపోజల్స్ రాశాను. రాశాను అనడం పెద్ద మాట. పాత సంవత్సరం ఎవరిదో ఎంపికైన ప్రపోజల్ దొరికితే, దాని టైమ్‌లైన్ అలాగే దింపి, ప్రాజెక్టు పేరు మార్చాను. ఆ సాఫ్ట్‌వేర్‌ని నా లాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. ఏప్రిల్‌లో రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది. 'మన కాలేజీ పేరు చూసి తీసేసి ఉంటారు' అని ఫ్రెండ్స్ దగ్గర చెప్పుకుని తిరిగాను. నిజానికి మెంటార్లు చూసింది కాలేజీ పేరు కాదు. చూడ్డానికి అక్కడ నా పని ఏదీ లేదు, అంతే.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఇంకో సంగతి జరిగింది. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అనే ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయిపోయేవి. ప్రపంచమంతా వార్త అయింది. యాపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ వదిలింది. మా హాస్టల్లో ఐఫోన్ ఉన్న ఒకేఒక్కడికి అందరం ఆ అక్షరం పంపి నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక నాకు ఒక డౌట్ మిగిలింది: ఒక్క అక్షరం ఫోన్‌ని ఎట్లా పడగొడుతుంది?

వెతుక్కుంటూ పోతే తెలిసింది. మనకి కనిపించేది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం అది జ, పొల్లు, ఞ, దీర్ఘం ఇలా వరుసగా నిలబడ్డ ముక్కలు. వాటిని కలిపి, ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తగిలించాలో తేల్చే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. మీరు ఇప్పుడు ఈ కాలమ్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌లో చదువుతుంటే, ఈ ఒత్తులన్నీ సర్దిపెడుతున్నది అదే. దాన్ని ముందుండి నడిపించింది ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫాబోద్. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా మన 'స్త్రీ' చక్కగా కనిపించడం వెనుక ఆయన కష్టం ఉంది.

ఆ రోజు నాకు తట్టింది ఒకటే. తెలుగు తప్పుగా కనిపిస్తే వాళ్లకి కనిపించదు. మనకి కనిపిస్తుంది. అంటే వాళ్లకి లేనిది ఒకటి నా దగ్గర ఉంది. దానికి కాలేజీ ర్యాంకుతో పనిలేదు.

ఆ ఆగస్టు నుంచి ఒక ప్రాజెక్టు పట్టుకున్నాను. బగ్‌లు రిపోర్ట్ చేశాను, చిన్నచిన్నవి సరిచేశాను. 2019లో మళ్లీ అప్లై చేశాను. ఆ సంస్థకి ఆ ఏడాది దొరికిన స్లాట్లు తక్కువ, నాకంటే బాగా రాసినవాళ్లు ఉన్నారు, రాలేదు. కానీ ఈసారి ఏడుపు రాలేదు. మెంటార్ నా ప్రపోజల్లో ఏం తక్కువైందో నాలుగు లైన్లలో రాశాడు. ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను అడిగింది మొత్తం ఆ ప్యాచ్‌ల గురించే. ఇప్పుడు అదే ప్రాజెక్టులో ఆదివారాలు కొత్తవాళ్లు పంపే కోడ్ చూస్తుంటాను. కాబట్టి ఇక మీదట చెప్పేది బల్లకి అటువైపు కూర్చుని చూసిన మాట.

దుక్కి ఎప్పుడు, కోత ఎప్పుడు

2025 క్యాలెండర్ చూడండి. సంస్థల జాబితా ఫిబ్రవరి 27న వచ్చింది. అప్లికేషన్లు మార్చి 24 నుంచి ఏప్రిల్ 8 వరకు. ఫలితాలు మే 8న. ఏటా తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం ఇదే. చాలామంది మార్చి 24న లేస్తారు. అది కోత రోజు వచ్చి విత్తనాలు కొన్నట్టు. నేను తమ్ముడికి చెప్పిన లెక్క ఇది.

అక్టోబర్, నవంబర్: గిట్ బాగా నేర్చుకో. గత సంవత్సరాల్లో పాల్గొన్న సంస్థల జాబితా జీసాక్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఏటేటా వచ్చే సంస్థలు మళ్లీ రావడానికి అవకాశం ఎక్కువ. అందులో నీకు వచ్చిన భాషలో కోడ్ ఉన్నవి, నువ్వు నిజంగా వాడేవి మూడు తీసుకో. వాటిలోంచి ఒక్కటి ఉంచుకో. పది సంస్థల గుమ్మాల్లో నిలబడ్డవాడిని ఎవరూ గుర్తుపట్టరు.

డిసెంబర్: ఆ సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ నుంచి నీ లాప్‌టాప్‌లో బిల్డ్ చెయ్. చెప్పినంత తేలిక కాదు. పాత లాప్‌టాప్ అయితే ఒక వారం పట్టొచ్చు. మధ్యలో ఎర్రర్లు వస్తాయి. అవే నీ మొదటి అవకాశం. సూచనల్లో ఎక్కడ తప్పుందో, ఏది పాతబడిందో నీకు తెలుస్తుంది. దాన్ని సరిచేసి పంపితే అదే నీ మొదటి కంట్రిబ్యూషన్.

జనవరి, ఫిబ్రవరి: చిన్న బగ్‌లు. కొత్తవాళ్ల కోసమని గుర్తు పెట్టినవి ఉంటాయి. ఒకటి తీసుకుంటే పూర్తి చెయ్. చేయలేకపోతే 'నా వల్ల కాలేదు, ఇంకెవరైనా తీసుకోండి' అని రాయి. అలా రాసినవాడి మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మార్చి: ఇప్పుడు ప్రపోజల్. గడువుకి రెండు వారాల ముందే డ్రాఫ్ట్ మెంటార్లకి చూపించు. ఏం చేస్తావు, అది ఎవరికి పనికొస్తుంది, ఏ వారం ఏ పని, ఎక్కడ ఆలస్యం కావచ్చు, అయితే ఏం చేస్తావు. మీ సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో దాచకుండా రాయి. మధ్యలో పది రోజులు పరీక్షలున్నాయని ముందే చెప్పినవాడికి ఇబ్బంది లేదు. చెప్పకుండా జూన్‌లో మాయమైనవాడితోనే తంటా.

అడగడం ఎలా అనేది వేరే విద్య. 'హలో సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్, ప్లీజ్ గైడ్ మీ' అని పర్సనల్ మెసేజ్ పెడితే జవాబు రాదు. అది పొగరు కాదు, వాళ్లకి అలాంటివి రోజుకి చాలా వస్తాయి. అందరూ చూసే ఛానెల్లో అడగండి. ఏం చేయబోయారు, ఏం ప్రయత్నించారు, ఏ ఎర్రర్ వచ్చింది, మూడూ రాయండి. ఇంగ్లీష్ తప్పుల గురించి భయపడొద్దు. అక్కడున్న సగం మందికి ఇంగ్లీష్ మాతృభాష కాదు. 'సర్' కూడా అక్కర్లేదు, పేరుతో పిలిస్తే చాలు. మనకి మొదట్లో నోరు రాదు కానీ అలవాటవుతుంది.

అడ్డదారి

తమ్ముడు మధ్యలో అడిగాడు: "అన్నా, ప్రపోజల్ ఏఐతోటి రాపిస్తే?"

రాయించొచ్చు. నాకు అలాంటి కోడ్ వారానికి ఒకటైనా వస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది. 'ఈ ఫంక్షన్‌లో ఖాళీ స్ట్రింగ్ వస్తే ఏమవుతుంది?' అని ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు రాదు. లేదా మళ్లీ అంతే నున్నగా ఉన్న ఇంకో పేరా వస్తుంది. ఏఐని టీచర్‌లా వాడుకుని, అర్థం కాని కోడ్ అర్థం చేయించుకోవడం మంచిదే. కానీ నీ పేరు మీద పంపిన ప్రతి లైనుకీ జవాబు చెప్పాల్సింది నువ్వే.

2020లో ఏం జరిగిందో చెప్తాను. హాక్టోబర్‌ఫెస్ట్ అని అక్టోబర్ నెలలో ఇంకో కార్యక్రమం ఉంది. ఆ ఏడాది నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీ షర్ట్ ఫ్రీ. ఇంకేముంది, ప్రాజెక్టుల రీడ్‌మీ ఫైళ్లలో ఏదో ఒక పదం మార్చి, 'అమేజింగ్ ప్రాజెక్ట్' అని రాసి వేలల్లో పంపారు. జీతం లేకుండా ఖాళీ సమయంలో పనిచేసే మెయింటెయినర్లు వాటిని తీసిపారేస్తూ రాత్రుళ్లు మేలుకున్నారు. చివరికి ఆ నెల మొదటి వారంలోనే రూల్ మార్చారు: ఇష్టమని చెప్పిన ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకి వస్తాయని. పంపినవాళ్లలో మన దేశం పిల్లలు చాలామంది ఉన్నారని అప్పట్లో పెద్ద గొడవ అయింది. ఒక టీ షర్ట్ కోసం. దాని ఖర్చు ఇప్పటికీ మనమే కడుతున్నాం. ఇండియన్ పేరుతో మొదటి పుల్ రిక్వెస్ట్ వస్తే కొందరు ఒక్క క్షణం ఎక్కువ అనుమానంగా చూస్తారు. డబ్బులిచ్చి రాయించిన ప్రపోజల్ ఆ అనుమానానికి ఇంకో సాక్ష్యం.

లేరన్నవాళ్లకి చూపించడం

"మన ఊరి పేరు చెప్తే ఎవలు తీస్కుంటరన్నా" అన్నాడు తమ్ముడు. ఈ మాట నేనూ అన్నదే కాబట్టి కోపం రాలేదు.

గూగుల్ ఫాంట్స్‌లో 'సురవరం' అని ఒక తెలుగు ఫాంట్ ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఫోన్‌లో తెరిచి చూపించాను. సురవరం ప్రతాపరెడ్డి పేరు మనందరం పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లమే. గద్వాల వైపు ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1952లో మన వనపర్తి నుంచే ఎమ్మెల్యే అయ్యారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒకాయన రాస్తే, ఆయన వాదన పెట్టుకుని కూర్చోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. ఇక మాట్లాడ్డానికి ఏముంది?

ఓపెన్ సోర్స్‌లో నడిచేది కూడా అదే పద్ధతి. నువ్వెవరు అని అడిగితే జవాబు రెజ్యూమె కాదు, చేసిన పని లింకు. పెద్దమందడి అయినా పాలో ఆల్టో అయినా అక్కడ ఒకటే వరస.

పైగా మన దగ్గర దారి వేసినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద, తెలుగు మీద పనిచేస్తోంది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా ఇప్పటికీ వాలంటీర్లతోనే నడుస్తోంది. కేరళలో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్లయితే తమ భాష పని పట్టుకుని 2007లోనే జీసాక్‌లో సంస్థగా చేరారు. అమ్మాయిలకి, అవకాశాలు తక్కువున్న వర్గాల వాళ్లకి ఔట్రీచీ అని ఇంకో కార్యక్రమం ఉంది. మూడు నెలలకి 7,000 డాలర్లు, ఏ దేశమైనా ఒకటే మొత్తం. జీసాక్ ఒక్కటే తలుపు కాదు.

తర్వాత ఏమైంది

పొద్దున లేచేసరికి కాకా అరుగు మీదే ఉన్నాడు. "ఏమంటవ్రా, కట్టాల్నా?" అన్నాడు.

"విత్తనాలు కొను కాకా" అన్నాను. "దీనికి పైసలు అక్కర్లే. వానికి ఆర్నెల్లు టైమియ్యి. వస్తదని మాత్రం నేను చెప్పలే. రాకపోవచ్చు."

కాకా నవ్వాడు. "పల్లి గూడ గంతే గదరా" అన్నాడు.

తమ్ముడు ఒక ఓపెన్ సోర్స్ వాతావరణం యాప్ పట్టుకున్నాడు. వాళ్ల నాయిన కోసం ఫోన్‌లో వేసినప్పుడే చూశాడట, హోమ్ స్క్రీన్ మీద చిన్న డబ్బాలో మన ఊరి పేరు 'పెద్దమందడ' అని వస్తోంది. చివర గుడి లేదు. ఎందుకో తవ్వాడు. ఆ యాప్ పేరుని తొమ్మిది అక్షరాల దగ్గర కోసేస్తోంది. మన లెక్కలో పెద్దమందడి ఐదు అక్షరాలే: పె, ద్ద, మం, ద, డి. కంప్యూటర్ లెక్కలో ఎత్వం ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, గుడి ఒకటి, అన్నీ కలిపి పది. పదోది గుడి. అది తెగిపోతోంది. నాగర్‌కర్నూల్ కూడా మధ్యలో తెగుతోంది.

స్క్రీన్‌షాట్లు పెట్టి ఇంగ్లీష్‌లో తనకి వచ్చినట్టు రాశాడు. తొమ్మిది రోజులు జవాబు లేదు. రోజూ రాత్రి నాకు ఫోన్: "అన్నా, ఇంకా చూడలే." పదో రోజు జవాబు వచ్చింది. ఇలా అవుతుందని నాకు తెలియదు, నువ్వే సరిచేస్తావా, టెస్ట్ కూడా రాయి, అని. రాశాడు. రెండుసార్లు మార్పులు చేయమన్నారు. రెండోసారి వీడికి కోపం వచ్చింది. అయినా చేశాడు. మొత్తం పద్నాలుగు లైన్లు.

పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, మెర్జ్ అయింది!" వెనకాల కాకా గొంతు వినిపిస్తోంది.

"ఎన్ని పైసలొచ్చినయ్‌రా?"

"ఏం రాలే నాయినా."

"మరెందుకురా గంత సంబురం?"

వాడు కొత్త వెర్షన్ వేసి ఫోన్ చేతికిచ్చినట్టున్నాడు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కాకా మెల్లగా చదివాడు, కూడబలుక్కుని: "పె-ద్ద-మం-ద-డి."

"ఆఁ" అన్నాడు. "ఇప్పుడు సరిగ్గుంది."

చేలో పల్లికి ఊడలు దిగుతున్నాయట. జీసాక్ సంస్థల జాబితా రావడానికి ఇంకా టైముంది. మీరూ ఇంకా మొదలుపెట్టకపోతే, ఈ రాత్రి మీ ఫోన్‌లో మీ ఊరి పేరు ఎక్కడెక్కడ తప్పుగా కనిపిస్తోందో చూడండి.